ఆటలో అరటిపండు: మా బడి డ్రిల్లు పీరియడ్ డైరీ

చీమకుర్తి నుంచి పొదిలి పోయే రోడ్డుకి కాస్త లోపలగా ఉంటుంది మా ఊరు. జిల్లా పరిషత్ హైస్కూలు. నేను వ్యాయామ ఉపాధ్యాయురాలిని. పిల్లల లెక్కలో డ్రిల్లు మేడం. సర్వీసు పదహారేళ్ళు. ఈ ఏడు ఎనిమిదో తరగతిని పట్టుకుని ఒక పని మొదలుపెట్టా: డ్రిల్లు పీరియడ్‌లో ఎవరూ పక్కన కూర్చోకుండా అందర్నీ ఆడించడం. ఎట్టా నడిచిందో అప్పటికప్పుడు రాసి పెట్టుకున్నది ఇది. పిల్లల అసలు పేర్లు రాయను. ఇంట్లో పిలిచే మాటల్లాంటివి పెట్టుకున్నా: బుడ్డోడు, చిన్నమ్మి, పెద్దోడు.

జూన్ 24, 2024

ఇవ్వాళ ఈల ఊదలేదు. వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని, హాజరు పట్టీ ఒళ్ళో పెట్టుకుని పీరియడ్ మొత్తం చూస్తూ కూర్చున్నా. బంతి ముట్టుకున్న ప్రతిసారీ ఆ పేరు పక్కన ఒక గీత. వచ్చినవాళ్ళు 41 మంది. గంట కొట్టేసరికి గీత పడ్డ పేర్లు 13. ఆ గీతల్లోనూ సగం నలుగురు మగపిల్లలవే.

మిగతావాళ్ళు ఏం చేస్తున్నారు? ఆడపిల్లలు గోడ నీడన జడలు వేసుకుంటున్నారు. బుడ్డోడు చెప్పుల కుప్పకి కాపలా. వాడికి సెరిబ్రల్ పాల్సీ. ఎడమ కాలూ ఎడమ చెయ్యీ బిగుసుకుని ఉంటాయి, నడక వస్తుంది గానీ వంకర. చిన్నమ్మికి చూపు బాగా తక్కువ. వెలుతురు, నీడ, పెద్ద పెద్ద రంగులు తెలుస్తాయి, బంతి తెలియదు. తను వరండా మెట్టు దిగనే లేదు. పెద్దోడు ఒళ్ళున్న పిల్లోడు. డ్రిల్లు పీరియడ్ అనగానే కడుపునొప్పి.

పదహారేళ్ళుగా 'అందరూ ఆడండ్రా' అని కేకేసి, ఆడేవాళ్ళనే చూస్తూ వచ్చానన్నమాట. పట్టీ మడిచి సంచిలో పెట్టుకున్నా. స్టాఫ్ రూములో ఎవరికీ చూపించలేదు.

జూలై 8

తాడు రోజు. ఇది నా తెలివి కాదు. మస్కా మాస్టన్ అనే వ్యాయామ విద్యావేత్త 1960లలోనే చెప్పిన సంగతి. హైజంప్ తాడుని రెండు పక్కలా ఒకే ఎత్తులో కడితే ఏమవుతుంది? దూకలేనివాడు మొదటి దెబ్బకే పక్కకి పోయి కూర్చుంటాడు. అంటే, ఎవడికి ఎక్కువ సాధన కావాలో వాడికే తక్కువ దక్కుతుంది. అదే తాడుని ఏటవాలుగా కడితే ఎవరి ఎత్తు వాళ్ళే చూసుకుంటారు.

ఒక కొస వేపచెట్టుకి నా నడుమెత్తున కట్టా. రెండో కొస నేల మీద ఇటుక కింద పెట్టా. ఏమీ చెప్పలేదు. "దూకండి" అన్నా, అంతే. ముందు అందరూ చెట్టు వైపే ఎగబడ్డారు, పరువు కదా. నాలుగో వరసకి సర్దుకున్నారు. పెద్దోడు చుట్టూ చూసి, ఎవరూ చూడటం లేదని నమ్మకం కుదిరాక, మోకాలెత్తున్న చోట దూకాడు. మళ్ళీ దూకాడు. ఒక అడుగు చెట్టు వైపు జరిగాడు. బుడ్డోడు ఇటుక పక్కన, తాడు నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున్న చోట, కుడికాలు ముందేసి ఎడమకాలు ఈడ్చుకుంటూ దాటాడు. తాడుకి కాలు తగిలింది. "తగిలింది మేడం, లెక్కలోకి రాదు," అని వాడే వెనక్కి పోయి మళ్ళీ దాటాడు. పదకొండు సార్లు. నేను లెక్కపెట్టా.

పీరియడ్ చివర మూడు డబ్బాలు పెట్టా: 'బాగుంది', 'కష్టం, కానీ మళ్ళీ చేస్తా', 'నాకొద్దు'. ఒక్కొక్కరికీ ఒక చింతపిక్క. ఎవరి పిక్క ఎందులో పడిందో నేను చూడను, అటు తిరిగి నిలబడతా. మధ్య డబ్బా నిండింది.

ఈ డబ్బాల వెనక ఒక ఆలోచన ఉంది. స్కాట్ క్రెచ్‌మార్ అనే అమెరికన్ ఆచార్యుడు 2006లో, పిల్లలకు ఆట ఎందుకు అర్థవంతంగా అనిపిస్తుందో కొన్ని లక్షణాలుగా చెప్పాడు. 2017లో స్టెఫనీ బేని, టిమ్ ఫ్లెచర్, డేడ్రా నీ క్రోనిన్ అనే ముగ్గురు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ వడపోసి అయిదు తేల్చారు: నలుగురితో కలవడం, సరదా, సరిపడా సవాలు, ఒంటికి పని పట్టుబడటం, తన బతుక్కి సంబంధించినదై ఉండటం. ఇందులో ఈ 'సరిపడా' అన్న మాటే నన్ను పట్టుకుంది. అది బయటినుంచి నేను కొలిచి ఇచ్చేది కాదు. పిల్లల్నే అడగాలి. అందుకే చింతపిక్కలు.

జూలై 22

సామాను సంగతి. సమగ్ర శిక్షా అనే సర్కారు బడుల పథకం కింద హైస్కూలుకి ఏడాదికి 25,000 రూపాయల దాకా ఆటల గ్రాంటు ఉంటుంది. వచ్చిన సామానులో చిన్నమ్మికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. సరే, మనమే చేద్దాం అనుకున్నా.

గోల్‌బాల్ అని చూపు లేనివాళ్ళ ఆట ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1946లో పుట్టింది. బంతిలో గంటలుంటాయి. నా దగ్గర గాలి పోయిన ఫుట్‌బాల్ ఉంది. ఊళ్ళో ఎడ్లకి కట్టే మువ్వలకి కొదవ లేదు. బంతి కోసి, పాత గుడ్డలు కుక్కి, మధ్యలో పన్నెండు మువ్వలు పెట్టి, చెప్పులు కుట్టే ఆయన దగ్గర కుట్టించా. పట్టుకుని ఊపితే ఘల్లుఘల్లుమంది. నేల మీద దొర్లిస్తే మూగదైపోయింది. గుడ్డలు మువ్వల్ని నొక్కిపట్టాయి. గుడ్డలు తీసేసి మళ్ళీ కుట్టిస్తే మోగింది గానీ బంతి గారెలా అణిగిపోయింది.

మా మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రం ఉంది. దాన్ని చూసే ఐఈఆర్‌టీ మేడం, అంటే ఆ పిల్లలకి చెప్పే టీచరు, వచ్చి చూసి నవ్వింది. "అంత కష్టం ఎందుకమ్మా, బంతిని కిరాణా కవర్లో వేసి ముడెయ్యి" అంది. వేశా. మామూలు రబ్బరు బంతి, కరకరలాడే పల్చటి కవరు. దొర్లుతుంటే పది గజాల దూరం నుంచి వినపడింది. ఖర్చు సున్నా.

అసలు కష్టం వేరే ఉంది. చప్పుడు వినాలంటే మిగతా నలభై మంది నోరు మూసుకోవాలి. గోల్‌బాల్ పోటీల్లో చూడటానికి వచ్చినవాళ్ళు కూడా ఆట నడుస్తున్నంతసేపూ కిక్కురుమనరు. మా వాళ్ళకి అది ఎవరెస్టు. మూడో వారానికి ఇరవై సెకన్లు ఆగగలిగారు. ఆ ఇరవై సెకన్లలో చిన్నమ్మి మోకాళ్ళ మీద కూర్చుని, తల కాస్త పక్కకి వంచి, బంతి ఎటొస్తుందో వింటూ, రెండు చేతులూ చాచి ఆపేసింది. ఆపాక మాత్రం చెవులు చిల్లులు పడే గోల.

ఆగస్టు 12

నా తప్పు రాసుకోవాలి. ఏడు పెంకులాటకి పెంకులు బదులు గ్రానైటు ముక్కలు తెప్పించా. పిల్లల నాన్నలు సగం మంది పాలిష్ ఫ్యాక్టరీల్లోనే పని, ముక్కలు ఊరికే వస్తాయి. నల్లటి గెలాక్సీ రాయి, నక్షత్రాలు మెరుస్తుంటే ముచ్చటేసింది. రెండు తప్పులు. ఒకటి, నల్లరేగడి నేల మీద నల్లరాయి చిన్నమ్మికి కనపడనే కనపడదు. రెండోది, బరువు. ఒక ముక్క జారి ఒక పిల్ల కాలి బొటనవేలి మీద పడింది. గోరు నల్లబడింది. వాళ్ళ అమ్మ మర్నాడు బడికొచ్చింది. చెయ్యగలిగింది క్షమాపణే, చెప్పా. ఆవిడ పోతూ పోతూ, "రాళ్ళు మోసే పని మా ఆయనకి చాలు మేడం" అంది. ఇది రాత్రంతా గుచ్చుకుంది.

ఇప్పుడు పెయింటు డబ్బాలు. అయిదు లీటర్లవి, ఖాళీవి, తెల్లవీ పసుపువీ. నేల నలుపు, డబ్బా తెలుపు. చిన్నమ్మి ఒక్కతే మూడు పేర్చింది. కూలితే పెద్ద చప్పుడు, ఎవరి కాలూ విరగదు. పెంకులకన్నా ఇదే నయమని మిగతావాళ్ళూ ఒప్పుకున్నారు.

గీతలకి కూడా ఒక ఉపాయం. సున్నం గీత కింద కొబ్బరి తాడు పరిచి మేకులు కొట్టా. గోల్‌బాల్ కోర్టులో కూడా టేపు కింద దారం పెడతారు, తడిమి తెలుసుకోవడానికి. చిన్నమ్మి చెప్పులు విడిచి పాదంతో గీత వెతుక్కుంటుంది. అందుకోసం పల్లేరుకాయలు ఏరడం ఇప్పుడు రోజూ ఉదయం అందరి పని. చిల్లచెట్ల ముళ్ళు సరేసరి.

సెప్టెంబరు 5

ప్రార్థనలో రెండు నిమిషాలు అడిగి తీసుకున్నా. మొన్న 3న పారిస్ పారాలింపిక్స్‌లో మన వరంగల్ జిల్లా అమ్మాయి జీవాంజి దీప్తి 400 మీటర్లలో కాంస్యం గెలిచింది, 55.82 సెకన్లు. టీ20 అని ఆమె విభాగం, బుద్ధి వికాసంలో ఇబ్బంది ఉన్నవాళ్ళకి. చిన్నప్పుడు ఆ పిల్లని ఊళ్ళో ఎన్ని మాటలన్నారో తల్లిదండ్రులే పత్రికలకి చెప్పుకున్నారు.

చప్పట్లు మోగాయి. తర్వాత లెక్కల మాస్టారు నా దగ్గరికొచ్చి, "బాగానే ఉందమ్మా, కానీ మన బుడ్డోణ్ణి ఎండలో తిప్పితే ఏమన్నా అయితే?" అన్నారు. మంచి మనిషే, బెంగతోనే అడిగారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం చదువుతో పాటు ఆటల్లోనూ అందరితో సమానంగా అవకాశం ఇవ్వాలని బడులకి చెబుతోందని చెప్పా. డాక్టరు ఏం చెయ్యొద్దన్నాడో వాళ్ళమ్మని అడిగి రాసుకున్నాననీ చెప్పా. ఆయన తలూపారు. శుక్రవారం నా పీరియడ్ మాత్రం ఎప్పటిలాగే అడిగారు. ఇవ్వలేదు. పదహారేళ్ళలో మొదటిసారి.

సెప్టెంబరు 23

ఈ ఏడాదికి ఇదే అసలు రోజు, కాస్త వివరంగా రాస్తా.

ఖోఖో. మా బడికి ప్రాణం. బుడ్డోణ్ణి రన్నర్ల మొదటి ముగ్గురిలో దించా. ఆట మొదలైంది. మిగతా ఇద్దరూ రెండు నిమిషాల్లో అవుట్. బుడ్డోడు ఇంకా ఉన్నాడు. ఇంకా కాసేపు నడిచింది. వాడు ఇంకా ఉన్నాడు! నాకు సంతోషం ముంచుకొచ్చింది. చూశావా, ఎంత బాగా కలుపుకున్నారో అని.

అప్పుడు వాడు కోర్టు మధ్యలో ఆగిపోయాడు. చేజర్ వాడి పక్కనుంచే పోయింది, చెయ్యి చాస్తే అందేంత దగ్గర. ముట్టుకోలేదు. వాడు ఆ పిల్ల ముందుకి పోయి నిలబడ్డాడు. ఆ పిల్ల చుట్టు తిరిగి పోయింది.

"నన్ను అవుట్ చెయ్యరేందే!" అని అరిచాడు. గొంతు వణికింది. "నేనేమన్నా ఆటలో అరటిపండునా?"

ఎవరూ మాట్లాడలేదు. నేనూ. మా అన్నలు గోలీలాడుతూ నన్ను ఊరుకోబెట్టడానికి కలుపుకున్నప్పుడు నేనూ అరటిపండునే. ఎంత ఓడినా ఓటమి కాదు, ఎంత గెలిచినా గెలుపు కాదు. అంత తియ్యగా ఇంకెవరూ వెలివెయ్యలేరు.

అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టా. "సరే, వీణ్ణి అవుట్ చెయ్యాలి, కానీ తేలిగ్గా అవుట్ అవ్వకూడదు. ఏం చేద్దాం?" అని వదిలేశా. అప్పటిదాకా నేను స్టెప్ అని ఒక పద్ధతి వాడుతున్నా. స్థలం మార్చు, పని మార్చు, సామాను మార్చు, మనుషుల్ని మార్చు అని నాలుగు తాళంచెవులు. కాగితం మీద రాసుకుని వచ్చి నేనే తిప్పేదాన్ని. ఇవ్వాళ ఆ గుత్తి పిల్లల చేతికిచ్చా.

వాదన మామూలుగా లేదు. ఒకడు "వాడికి మూడు ప్రాణాలిద్దాం" అన్నాడు. బుడ్డోడే వద్దన్నాడు. చివరికి కుదిరింది ఇది: వాడు రన్నరుగా ఉన్నప్పుడు కోర్టు సగమే. ఒక పోలు నుంచి నాలుగో గడి దాకా. ఆ సగంలో కూర్చున్న నలుగురే వాణ్ణి పట్టాలి. ముట్టుకుంటే అవుట్, మొహమాటం లేదు. వాడు చేజరైనప్పుడు, ఒకసారి పట్టిన దిక్కు మార్చకూడదన్న నియమం వాడికి వర్తించదు. వెనక్కీ తిరగొచ్చు. ఇందులో రెండో ఆలోచన మా జట్టు కెప్టెన్ పిల్లది. మండలం ఎంపికల ముందు ఈ పిల్లే నా దగ్గరికొచ్చి "ఇట్టా అందర్నీ ఆడిస్తా ఉంటే మా ప్రాక్టీసు యాడ జరుగుద్ది మేడం?" అని మొహం మాడ్చుకుంది. జట్టు ప్రాక్టీసు సాయంత్రం నాలుగు తర్వాత, పీరియడ్ మాత్రం అందరిదీ అని చెప్పి పంపా. ఇప్పుడు నియమాలు దిద్దుతోంది.

మళ్ళీ ఆడారు. బుడ్డోడు నలభై సెకన్లకి దొరికాడు. వీపు మీద గట్టిగానే పడింది దెబ్బ. వాడు రెండు చేతులూ పైకెత్తి "అవు...ట్!" అని, గెలిచినవాడిలా గంతులేసుకుంటూ బయటికొచ్చాడు.

అక్టోబరు 21

వాయుగుండం వానకి మైదానం చెరువైంది. నల్లరేగడి, ఇంకో వారం కాలు పెట్టలేం. వరండాలో కూర్చుని వాలీబాల్. నెట్టు బదులు చీర, బంతి బదులు పెద్ద బెలూన్. పిర్రలు నేలకి ఆనే ఉండాలన్నది ఒక్కటే నియమం. పారాలింపిక్స్‌లో సిట్టింగ్ వాలీబాల్ కూడా ఇంతే, కొడుతున్నప్పుడు లేవకూడదు. అందరూ కూర్చున్నాక బుడ్డోడి కాలు సంగతి ఎవరికి గుర్తుంటుంది? హెచ్‌ఎం గారు అటు పోతూ ఆగి, పంచె సర్దుకుని తానూ కూర్చున్నారు. మూడు బెలూన్లు పేలాయి.

నవంబరు 18

పెద్దోడి రోజు. వాళ్ళ నాన్నకి ఒంగోలు జాతి ఎడ్లున్నాయి, బండలాగుడు పందేలకి తీసుకెళ్తాడు. తాడు దగ్గర వాడు ఇప్పుడు నడుమెత్తుకి వచ్చాడు గానీ ఉత్సాహం అంతంతమాత్రం. చింతపిక్క 'నాకొద్దు'లో వేసేది వాడేనని అనుమానం. అడిగా. "నీకేం ఆట కావాలి రా?"

చాలాసేపు చెప్పుల వంక చూసి, "మేడం, ఎడ్లకి పళ్ళు చూసి విభాగం పెడతారు గదా," అన్నాడు. "పాలపళ్ళు వేరే, రెండు పళ్ళు వేరే, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు వేరే. పాలపళ్ళ గిత్తల్ని తీసకపోయి సీనియర్ బండకి కట్టరు. కడితే ఊళ్ళోవాళ్ళు తంతారు. మరి మాకెందుకు మేడం అందరికీ ఒకటే?"

నేను చదివిన శిక్షణ పుస్తకాల్లో ఎక్కడా ఇంత సూటిగా లేదు. ఎద్దు మీద ఉన్న పాటి ధర్మం పిల్లోడి మీద లేకపోయింది మనకి.

వారం తిరక్కుండా టైరు లాగుడు పెట్టాం. సైకిల్ టైరు, మోటారుసైకిల్ టైరు, లారీ టైరు. నడుముకి గోనెపట్టా చుట్టి, దానికి తాడు. ఏది లాగాలో ఎవరిష్టం వాళ్ళది. ఎడ్ల పందెంలోలాగానే, పెట్టుకున్న సమయంలో ఎంత దూరం పోయారన్నదే లెక్క. మాకు రెండు నిమిషాలు. ఎవరి దూరంతో వాళ్ళకే పోటీ. పెద్దోడు లారీ టైరు కట్టించుకున్నాడు. నేల గీసుకుపోయింది. తాడుకి పక్కనే నడుస్తూ చిన్నమ్మి "హేయ్ హేయ్" అని అదిలిస్తోంది, అచ్చం పందెంలో తోలేవాళ్ళలాగా. ఇప్పుడు అడుగులు కొలిచేదీ, సమయం చూసేదీ, కొత్తవాళ్ళకి నడుం వంచడం నేర్పేదీ పెద్దోడే. కడుపునొప్పి మళ్ళీ రాలేదు.

డిసెంబరు 4

నిన్న దివ్యాంగుల దినోత్సవం. అందరి కళ్ళకీ గంతలు కట్టి నడిపించా, చిన్నమ్మి కష్టం తెలుస్తుందని. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. కొందరు భయపడ్డారు. అయిపోయాక ఒక పిల్ల చిన్నమ్మి చెయ్యి పట్టుకుని "పాపం నువ్వు" అంది. చిన్నమ్మి చెయ్యి లాగేసుకుంది.

ఐఈఆర్‌టీ మేడంతో ఫోన్లో చెప్పా. "గంత కట్టుకున్న అయిదు నిమిషాల్లో తెలిసేది చీకటి భయమే. చిన్నమ్మికి పదమూడేళ్ళ అలవాటుంది, అది తెలీదు. నేర్పమని ఆ పిల్లనే అడగాల్సింది" అంది. నిజమే. ఇవ్వాళ కవరు బంతిని విని ఆపడం ఎట్టాగో చిన్నమ్మి చేతే అందరికీ చెప్పించా. "కళ్ళు మూసుకోనక్కర్లేదు, నోరు మూసుకోండి చాలు," అంది. మొదటి పాఠం అదే.

జనవరి 20, 2025

సంక్రాంతి సెలవులయ్యి ఇవ్వాళే బడి తెరిచారు. నిన్న ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచ కప్‌ని మన ఆడవాళ్ళ జట్టూ మగవాళ్ళ జట్టూ రెండూ గెలిచాయి. మగవాళ్ళ జట్టులో మన ప్రకాశం జిల్లా పోతిరెడ్డి శివారెడ్డి ఉన్నాడు. బళ్ళో దీపావళే. బుడ్డోడు వచ్చి, "మేడం, వాళ్ళు సగం కోర్టులో ఆడితే మన మీద గెలుస్తారంటారా?" అని అడిగాడు. వాడు ఎగతాళి చేస్తున్నాడో, లెక్క వేస్తున్నాడో తేల్చుకోలేకపోయా.

ఫిబ్రవరి 12

ఆడపిల్లల సంగతి ఆలస్యంగా పట్టించుకున్నా, అది నా లోపం. గోడ నీడన ఎందుకు కూర్చుంటారని జూన్‌లోనే అడగాల్సింది. అడిగితే మూడు ముక్కల్లో చెప్పారు: రోడ్డు మీద బండ్లాపి చూస్తారు, చున్నీ జారుతుంది, మరుగుదొడ్డికి గడియ లేదు. గడియ ముప్పై రూపాయలు. రోడ్డు వైపు కంచెకి పొగాకు బేళ్ళకి వాడిన పాత గోనెపట్టాలు కట్టాం. చున్నీలు ఆటకి ముందు క్లాసులో మడిచి పెట్టొచ్చని హెచ్‌ఎం గారి చేత చెప్పించా. నెలసరి రోజుల్లో ఆడాలా వద్దా అన్నది వాళ్ళిష్టం, కారణం చెప్పక్కర్లేదు. గోడ నీడ ఖాళీ అయింది. ఇంత చిన్న పనులకి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

ఇవ్వాళ మళ్ళీ కుర్చీ వేసుకుని గీతలు పెట్టా. 38 మంది వచ్చారు, కొందరు పొగాకు పనులకి పోయారు. గీత లేని పేర్లు రెండు. ఆ ఇద్దరి దగ్గరికి రేపు పోవాలి.

మార్చి 18

ఒంటిపూట బడులు. ఒంటిపూటలో మొదట కోత పడేది డ్రిల్లు పీరియడ్‌కే. టైం టేబుల్‌లో గళ్ళు కొట్టేశారు. నేను గొడవ పెట్టుకున్నా, వారానికి రెండు మిగిలాయి.

ఉదయం ఏడుంపావుకి బడికొచ్చేసరికి మైదానంలో దుమ్ము లేస్తోంది. ఎవరూ పిలవలేదు. చెట్టుకి తాడు కట్టి ఉంది, నేను కట్టే దానికన్నా జానెడు పైన. చిన్నమ్మి పాదంతో తాడు గీత వెతుకుతూ, ఊడిన చోట మేకు కొట్టమని పెద్దోణ్ణి పురమాయిస్తోంది. ఖోఖో కోర్టు దగ్గర కేకలు.

"నాలుగో గడి దాటాక ముట్టుకున్నావు! చెల్లదు!"

"లోపలే ముట్టుకున్నా. అవుట్!"

"చిన్నమ్మినడుగు, గీత మీద దాని కాలుంది!"

బుడ్డోడూ కెప్టెన్ పిల్లా ముక్కులు తగిలేంత దగ్గరగా నిలబడి అరుచుకుంటున్నారు. నన్ను చూసి ఇద్దరూ ఒకేసారి "మేడం!" అన్నారు. నేను చూడలేదని చెప్పి, ప్రార్థన గంట కొట్టించడానికి లోపలికి పోయా. గంట మోగాక కూడా వాళ్ళు రాలేదు.